గూగుల్ లాగిన్ పెట్టమన్నప్పుడు

మల్దకల్ నుంచో గట్టు నుంచో హైదరాబాద్ వెళ్లి కోర్సు చేసి, మళ్లీ ఊరికొచ్చి ఇంటి దగ్గరే పని చేసుకోవాలనుకునేవాళ్లకు మొదట దొరికేవి పెద్ద కంపెనీల ప్రాజెక్టులు కావు. బంధువుల చీరల దుకాణానికి వెబ్‌సైట్, కంపెనీల కోసం రైతులతో విత్తనం పండించే సీడ్ పత్తి ఆర్గనైజరుకు రైతుల లెక్కలు రాసుకునే యాప్, ఇట్లాంటివి. పని సగానికి వచ్చాక యజమాని తప్పకుండా ఒక మాట అంటాడు: “ఆ గూగుల్ బటన్ గూడ పెట్టు తమ్మీ, పాస్‌వర్డులు ఎవరికి యాదుంటయి?”

ఆయన అడిగింది న్యాయమే. బటన్ కనిపించేలా చేయడానికి అరపూట చాలు. అది నొక్కి వచ్చిన మనిషిని ఏ ఖాతాలో కూర్చోబెట్టాలి, రేపు అది పనిచేయకపోతే ఆ మనిషిని ఎట్లా లోపలికి రానివ్వాలి అన్నవి మాత్రం కూర్చుని తేల్చుకోవాలి. మీరు డబ్బులు అడిగేది కూడా ఆ తేల్చుకోవడానికే.

కోడ్ జోలికి పోకముందు వచ్చేవాళ్లెవరో చూడండి. చీరల సైట్ సంగతి తీసుకుంటే, ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు ఉండే గద్వాల చీరను వెబ్‌సైట్లో కొనేవాళ్లు ఎక్కువగా హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఉంటారు. జీమెయిల్ వాళ్ల సొంతం, పాస్‌వర్డ్ వాళ్ల చేతిలోనే ఉంటుంది, ఫోన్ మారినా ఖాతా మారదు. వాళ్లకు గూగుల్ బటన్ మేలే.

సీడ్ పత్తి లెక్కల యాప్ అట్లా కాదు. అందులోకి వచ్చేది మన గద్వాల వైపు నడిగడ్డ రైతు. ఆయన ఫోన్లో జీమెయిల్ ఉంటుంది, కానీ అది ఫోన్ కొన్న రోజు దుకాణం పిల్లవాడు తెరిచిచ్చింది, లేదా కొడుకుది. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. ఫోన్ పగిలితే కొత్త ఫోన్లో కొత్త జీమెయిల్ తెరుస్తారు. గూగుల్ దృష్టిలో ఆయన అప్పుడు వేరే మనిషి, మీ యాప్ దృష్టిలోనూ వేరే మనిషే. పెట్టుబడికి తెచ్చిన అడ్వాన్సు ఎంత, ఎన్ని కిలోల విత్తనం ఇచ్చాడు, విత్తనం స్వచ్ఛతను తేల్చే జీఓటీ పరీక్షలో పాసైందా ఫెయిలైందా, ఇవన్నీ పాత ఖాతాలో ఉండిపోతాయి. రైతు తెరిస్తే ఖాళీ తెర కనిపిస్తుంది. డబ్బు సంగతి కాబట్టి అనుమానం ముందు ఆర్గనైజరు మీదికే పోతుంది.

అందుకే రెండో పనిలో గూగుల్ బటన్ వద్దని చెప్పడమే మీరు ఇవ్వగల మంచి సలహా. అక్కడ ఫోన్ నంబరుకు ఓటీపీ పంపే పద్ధతి నయం. అదీ ఉచితంగా రాదు. మన దేశంలో ఎస్ఎంఎస్ పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వేదికలో సంస్థ పేరు, పంపేవారి హెడరు, సందేశం నమూనా ముందే నమోదు చేసుకోవాలి. దానికి సంస్థ కాగితాలు కావాలి, కొన్ని రోజులు పడుతుంది, సందేశానికి ఇంత అని ఖర్చు. నంబరు మారిన రైతును గుర్తుపట్టి పాత ఖాతాకు కొత్త నంబరు జోడించే పేజీ కూడా ఆర్గనైజరు చేతికి ఇవ్వాలి. ఎవరు ఎప్పుడు మార్చారో అక్కడ నమోదు కావాలి. ఇవన్నీ మొదటి రోజే చెప్పి అంచనాలో రాయండి.

ఇక గూగుల్ బటన్ సరిపోయే చీరల సైటుకు వద్దాం. జరిగేదేమిటో తెలిస్తే తప్పులు ఎక్కడ దొర్లుతాయో కనిపిస్తుంది. కొనేవారు బటన్ నొక్కగానే మీ సైట్ వాళ్లను గూగుల్ పేజీకి పంపుతుంది. పాస్‌వర్డ్ అడిగేది గూగులే, అది మీ సర్వరు కంటబడదు. అంతా సవ్యంగా ఉంటే గూగుల్ వాళ్లను మీరు ముందే రాసిచ్చిన చిరునామాకు తిరిగి పంపుతుంది, వెంట ఒక కోడ్ ఇచ్చి. మీ సర్వరు ఆ కోడ్‌ను, తన క్లయింట్ సీక్రెట్‌ను కలిపి నేరుగా గూగుల్‌కు చూపిస్తే అప్పుడు ఐడీ టోకెన్ వస్తుంది. వచ్చింది ఎవరన్నది అందులో ఉంటుంది. పశువుల సంతలో తెలిసినాయన ఒకరు ‘ఈయన ఫలానా ఊరాయన, నాకు తెలుసు’ అని పూచీ పడినట్టే. మనిషి ఎవరన్నంతవరకే ఆ పూచీ. ఎద్దులు అప్పుకిస్తారా లేదా అన్నది మీ నిర్ణయం. దుకాణం యజమాని ఎవరు, కొనేవారు ఎవరు, ఎవరు ధర మార్చవచ్చు అన్నవి గూగుల్ చెప్పదు, మీ డేటాబేస్‌లోనే ఉండాలి.

‘ఈ బటన్ వెనక ఉన్న ఓఆథ్‌కూ ఓపెన్ఐడీ కనెక్ట్‌కూ తేడా ఏమిటి?’ అని ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఓఆథ్ 2007లో పుట్టింది లాగిన్ కోసం కాదు. అప్పట్లో సైట్లు ‘మీ స్నేహితులను వెతికిపెడతాం, మీ మెయిల్ పాస్‌వర్డ్ ఇవ్వండి’ అని నిస్సిగ్గుగా అడిగేవి. పాస్‌వర్డ్ ఇవ్వకుండా, కావలసినంతవరకే అనుమతి ఇచ్చే పద్ధతిగా అది వచ్చింది. 2012 అక్టోబరులో వెలువడిన ఓఆథ్ 2.0 కూడా అనుమతుల వ్యవస్థే. దాని ప్రధాన సంపాదకుడు ఎరాన్ హామర్, ఇది మరీ వదులుగా తయారైందంటూ ఆ ఏడాది జులైలోనే తన పేరు తీసేయించుకున్నాడు. ‘వచ్చింది ఎవరు’ అన్న ప్రశ్నకు పద్ధతి ప్రకారం జవాబు చెప్పేది 2014 ఫిబ్రవరిలో వచ్చిన ఓపెన్ఐడీ కనెక్ట్. అనుమతి ఒకటి, గుర్తింపు ఒకటి అని ఉదాహరణతో చెప్పగలిగితే ఎదుటివాళ్లకు మీ మీద గురి కుదురుతుంది.

మొత్తం మీరే రాయాలని పంతం పట్టకండి. మీరు వాడే ఫ్రేమ్‌వర్క్‌కు పదిమంది వాడుతున్న, ఇప్పటికీ మరమ్మతులు జరుగుతున్న లైబ్రరీ తీసుకోండి. తెలుగు యూట్యూబ్‌లో పాఠాలకు కొదవ లేదు గానీ, చూసేముందు తేదీ చూడండి. గూగుల్ తన పాత జావాస్క్రిప్ట్ లాగిన్ లైబ్రరీకి 2023 మార్చి 31తో స్వస్తి చెప్పింది. ఆ పాత లైబ్రరీతో తీసిన వీడియో చూసి రాస్తే ఎంత శ్రద్ధగా రాసినా నడవదు.

గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో ముందుగా విసిగించేది రీడైరెక్ట్ చిరునామా. అక్కడ రాసిందీ మీ కోడ్ పంపేదీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. చివర గీత ఒకటి ఎక్కువైనా, ఒకచోట డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉండి ఇంకోచోట లేకపోయినా రీడైరెక్ట్ కలవలేదన్న ఎర్రర్ వస్తుంది. అడిగే అనుమతులు మూడు చాలు: ఓపెన్ఐడీ, ఈమెయిల్, ప్రొఫైల్. చీర అమ్మడానికి ఎవరి కాంటాక్టులూ అక్కర్లేదు. అట్లాంటివి అడిగితే గూగుల్ పరిశీలన మొదలవుతుంది, చూసిన కొనుగోలుదారుకు భయమూ వేస్తుంది. టెస్టింగ్ స్థితి మీ పరీక్షల కోసం. అందులో ఉన్నంతకాలం పరీక్షకుల జాబితాలో చేర్చగలిగేది 100 మందినే. సైట్ తెరిచే రోజున ప్రొడక్షన్‌కు మార్చడం మరవొద్దు.

బయటికి పంపేటప్పుడు స్టేట్ అనే యాదృచ్ఛిక విలువ ఒకటి వెంట పంపి, తిరిగొచ్చినప్పుడు అదే వచ్చిందో లేదో చూడాలి. లేకపోతే వేరేవాడు తన కోడ్‌ను మీ కస్టమరు బ్రౌజరులో దూర్చి, ఆమెను తన ఖాతాలోకి లాగిన్ చేయించగలడు. తర్వాత ఆమె రాసే చిరునామా, ఫోన్ నంబరు అతని ఖాతాలో చేరతాయి. కోడ్‌ను మధ్యలో కాజేసినవాడు వాడుకోకుండా ఆపే పీకేసీఈ కూడా పెట్టండి. అది మొదట మొబైల్ యాప్‌ల కోసం వచ్చినా ఇప్పుడు వెబ్ సర్వర్లకూ మంచిదంటున్నారు. ఐడీ టోకెన్ చేతికొచ్చాక ఇచ్చింది గూగులేనా, ఇచ్చింది మీ క్లయింట్ ఐడీకేనా, గడువు దాటిందా, సంతకం సరిపోయిందా అన్నవి లైబ్రరీ చూస్తుంది. అది చూస్తున్నట్టు మీరు నిర్ధారించుకోవాలి. గడువు దాటిన టోకెన్ ఒకటి కావాలని ఇచ్చి అది తిరగ్గొడుతుందో లేదో పరీక్షించండి.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. టోకెన్‌లో ఈమెయిల్ ఉంటుంది, సబ్ అనే సంఖ్య ఉంటుంది. కొత్తవాళ్లలో చాలామంది ఈమెయిల్ పట్టుకుని ఖాతా వెతుకుతారు. చదవడానికి వీలుగా ఉంటుంది కాబట్టి. పట్టుకోవాల్సింది సబ్‌ను. ఈమెయిల్ మారుతుంది, చేతులు మారుతుంది. కొన్నిచోట్ల ఎవడైనా తనకు నచ్చినది రాసుకోనూగలడు. 2023 జూన్‌లో మైక్రోసాఫ్ట్ అజూర్ లాగిన్ విషయంలో ‘ఎన్‌ఓఆథ్’ పేరుతో బయటపడ్డ లోపం సరిగ్గా ఇదే: దాడి చేసేవాడు తన అజూర్ ఖాతాలో ఈమెయిల్ గడిలో బాధితుల ఈమెయిల్ రాసుకునేవాడు. ఈమెయిల్ చూసి ఖాతా తెరిచే సైట్లు వాడికి తలుపు తీసేవి. సబ్ చూసిన సైట్లకు ఏమీ కాలేదు.

సబ్‌ను దాచేటప్పుడు చిన్న మెలిక. గూగుల్ ఇచ్చేది సాధారణంగా 21 అంకెలుంటుంది. అంకెలే కదా అని సంఖ్యగా దాస్తే, 16 అంకెలు దాటిన సంఖ్యలను జావాస్క్రిప్ట్ కచ్చితంగా పట్టుకోలేదు, చివరి అంకెలు తారుమారవుతాయి. ఇద్దరు కస్టమర్లు ఒకే ఖాతాలో పడే ప్రమాదం అక్కడ పొంచి ఉంటుంది. దాన్ని అక్షరాల వరుసగానే దాచండి. యూజర్ల పట్టికలో కాకుండా వేరే పట్టికలో, ఎవరిచ్చారు, వారిచ్చిన సబ్ ఏది అని రెండు గడులు కలిపి యూనిక్‌గా పెట్టండి. రేపు ఆపిల్ బటన్ చేర్చినా, ఓటీపీ చేర్చినా అదే మనిషికి ఇంకో వరుస చేరుతుంది, అంతే.

దీనికి కొనసాగింపుగా ఇంకో చిక్కు. ఒకావిడ పోయినేడు ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇచ్చి ఖాతా తెరిచింది. ఈ ఏడు గూగుల్ బటన్ నొక్కింది. ఈమెయిల్ ఒకటే. రెండూ కలిపేద్దామా? యజమాని వెంటనే కలపమంటాడు. కానీ ఆ పాత ఖాతా ఆవిడే తెరిచిందని ఎట్లా తెలుసు? ఆవిడ ఈమెయిల్‌తో వేరేవాడు ముందే ఖాతా తెరిచి, తన పాస్‌వర్డ్ పెట్టుకుని కూర్చుని ఉంటే, మీరు కలిపిన మరుక్షణం ఆవిడ ఆర్డర్లన్నీ వాడికీ కనిపిస్తాయి. 2022లో అవినాశ్ సుధోదనన్, ఆండ్రూ పావర్డ్ అనే పరిశోధకులు 75 పేరున్న సేవలను పరీక్షిస్తే, ఇట్లా ముందే కాచుకు కూర్చునే దాడులకు కనీసం 35 లొంగిపోయాయి. మీరు చేయాల్సింది ఇది: పాత ఖాతా ఈమెయిల్ అప్పుడే రుజువై ఉంటే, పాత పాస్‌వర్డ్ ఒకసారి అడిగి కలపండి. రుజువు కాని పాత ఖాతా అయితే దాని పాస్‌వర్డునూ పాత సెషన్లనూ రద్దు చేశాకే గూగుల్‌తో జోడించండి.

మన ప్రాంతంలో వచ్చే తిప్పలు వేరే ఉన్నాయి. వాటిని ఏ డాక్యుమెంటేషనూ ముందు పేజీలో రాయదు. చీరల దుకాణాలు సరుకు చూపించేది ఇన్‌స్టాగ్రామ్‌లో. అక్కడి లింకు నొక్కితే మీ సైట్ క్రోమ్‌లో కాక ఇన్‌స్టాగ్రామ్ లోపలి బ్రౌజరులో తెరుచుకుంటుంది. అట్లాంటి లోపలి బ్రౌజర్లలో తన లాగిన్ పేజీని గూగుల్ ఒప్పుకోదు. కొనేవాళ్లు బటన్ నొక్కితే అనుమతి లేదన్న పేజీ వస్తుంది, సైట్ చెడిపోయిందనుకుని వెళ్లిపోతారు. ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు పరీక్షించినా మీకిది కనిపించదు. లోపలి బ్రౌజరును గుర్తించి ‘క్రోమ్‌లో తెరవండి’ అని తెలుగులో రాయండి. ఇంకా నయమైన మార్గం, లాగిన్ లేకుండానే కొనేట్టు చేయడం. చీర చూడటానికి వచ్చినవాళ్లను గుమ్మంలో ఆపి పేరడగడం నాకు మొదటినుంచీ నచ్చదు. చిరునామా, డబ్బు దగ్గరికి వచ్చాక, పాత ఆర్డర్లు చూడాలనుకున్నప్పుడు అడిగితే చాలు.

తిమ్మప్ప జాతర రోజుల్లో మల్దకల్‌లో నిలబడి మీ సైట్ తెరిచి చూడండి. అంత జనంలో నెట్ నెమ్మదిస్తే మనిషి ఏం చేస్తాడు? రిఫ్రెష్ మీద రిఫ్రెష్ కొడతాడు. గూగుల్ ఇచ్చిన కోడ్ ఒక్కసారికే చెల్లుతుంది. రెండోసారికి ఎర్రర్. అప్పటికే లాగిన్ అయి ఉంటే ఎర్రర్ చూపకుండా ముందు పేజీకి పంపండి, కాకపోతే ‘మళ్లీ ప్రయత్నించండి’ అన్న బటన్ ఇవ్వండి.

ఇంటర్నెట్ సెంటర్లలో, మీసేవ కేంద్రాల్లో ఒకే కంప్యూటరును చాలామంది వాడతారు. మీ సైట్లో లాగౌట్ కొట్టినా గూగుల్‌లో లాగౌట్ కాదు. తర్వాత వచ్చినామె బటన్ నొక్కితే ముందు వచ్చినాయన ఖాతాలోకి నేరుగా పోతుంది. గూగుల్‌కు పంపేటప్పుడు ప్రతిసారీ ఖాతా ఎంచుకోమని అడిగే ఎంపిక ఒకటుంది, అది పెట్టండి. ఒక క్లిక్కు ఎక్కువైతే ఎక్కువైంది.

కుకీల గురించి క్లుప్తంగా. మీ సెషన్ కుకీకి హెచ్‌టీటీపీఓన్లీ, సెక్యూర్ ఉండాలి, సేమ్‌సైట్ లాక్స్ పెట్టండి. స్టేట్ దాచిన కుకీకి స్ట్రిక్ట్ పెడితే గూగుల్ నుంచి తిరిగొచ్చేటప్పుడు అది రాదు, స్టేట్ కలవలేదని రాత్రంతా తల పట్టుకుంటారు. ఆపిల్ బటన్ పెడితే ఇంకో తేడా: పేరు, ఈమెయిల్ అడిగితే ఆపిల్ పోస్ట్ పద్ధతిలో తిరిగి పంపుతుంది, అప్పుడు లాక్స్ కూడా పనిచేయదు. పేరును ఆపిల్ మొదటిసారి మాత్రమే ఇస్తుంది. అప్పుడే దాచుకోకపోతే మళ్లీ దొరకదు.

ఫేస్‌బుక్ బటన్ కూడా పెట్టమంటారు. నేనైతే వద్దంటాను. ఫోన్ నంబరుతో ఖాతా తెరిచినవాళ్ల ఈమెయిల్ రాదు, డేటా తొలగించే ఏర్పాటు ప్రత్యేకంగా చూపించాలి. అంతకుమించి, బటన్లు పెరిగేకొద్దీ ‘పోయినసారి దేంతో వచ్చాను?’ అని మనిషి తికమకపడి రెండో ఖాతా తెరుస్తాడు. 2018 సెప్టెంబరులో ఫేస్‌బుక్ నుంచి దాదాపు 3 కోట్ల మంది యాక్సెస్ టోకెన్లు దొంగలపాలయ్యాయి. అట్లాంటి రోజు మీ సైట్లో అందరి సెషన్లనూ ఒక్క దెబ్బతో రద్దు చేయగలగాలి. గూగుల్‌తో మాత్రమే లాగిన్ పెట్టినా ఆ ఏర్పాటు కావాలి.

గూగుల్ ఎప్పుడూ పడిపోదని నమ్మి రెండో దారి లేకుండా చేయకండి. 2020 డిసెంబరు 14న మనకు సాయంత్రం వేళ గూగుల్ లాగిన్ వ్యవస్థే ముప్పావుగంట ఆగిపోయింది, జీమెయిల్, యూట్యూబ్ సహా. పండుగ ముందు చీరల అమ్మకాల్లో ముప్పావుగంట తక్కువేమీ కాదు. ఈమెయిల్‌కు ఒక్కసారి చెల్లే లింకు పంపే ఏర్పాటు రెండో దారిగా పెట్టండి. పాస్‌వర్డ్ గుర్తుంచుకోనక్కర్లేదు, ఎస్ఎంఎస్ ఖర్చూ లేదు. జీమెయిల్ కూడా ఆగిన రోజున మాత్రం జీమెయిల్ వాళ్లకు ఆ లింకు అందదు, అప్పుడు లాగిన్ లేకుండా కొనే దారే ఆదుకోవాలి.

యజమానుల్లో కొందరు ‘ఆధార్ ఉంది కదా, దాంతోనే పెట్టేయ్’ అంటారు. ప్రైవేటు సంస్థలు ఆధార్ అడగడానికి ఆధారంగా ఉన్న చట్ట భాగాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న కొట్టేసిందని చెప్పి ఆ మాట అక్కడితో ఆపండి. ప్రభుత్వం తన సేవలకోసం ఇట్లాంటి బటన్ తానే తయారుచేసుకుంది. 2022లో వచ్చిన మేరీ పెహచాన్‌లో డిజిలాకర్, ఈ-ప్రమాణ్, జన్ పరిచయ్ ఖాతాల్లో ఏదో ఒకదానితో పలు ప్రభుత్వ సైట్లలోకి పోవచ్చు. నేర్చుకునేవాళ్లు ఒకసారి దాంతో లాగిన్ అవుతూ పైన చిరునామా గడి ఎట్లా మారుతుందో గమనిస్తే, నేను పైన వరుసగా చెప్పినదంతా కళ్లముందు జరుగుతుంది.

పేరు, ఈమెయిల్ తీసుకుంటున్నారు కాబట్టి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చీరల దుకాణానికీ వర్తిస్తుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అంచెలంచెలుగా అమలవుతున్నాయి. ఏం తీసుకుంటున్నారో, ఎందుకో చెప్పే నోటీసును ఇంగ్లిష్‌లోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏదో ఒక భాషలోనో చదువుకునే వీలు ఇవ్వాలని చట్టం అంటుంది. తెలుగు ఆ జాబితాలో ఉంది. నాలుగు వాక్యాలు మంచి తెలుగులో రాయండి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసి అతికించకండి, చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

ఇక గొడవలు ఎక్కువగా పుట్టేది కన్సోల్ ఎవరి పేరు మీద ఉందన్న దగ్గర. తొందరలో కుర్రవాళ్లు తమ సొంత జీమెయిల్‌తోనే కన్సోల్ ప్రాజెక్టు తెరుస్తారు. మీరూ అట్లాగే చేశారనుకోండి, రెండేళ్లకు ఉద్యోగం వచ్చి పుణె వెళ్తారు. దుకాణం డొమైన్ మారుతుంది, రీడైరెక్ట్ చిరునామా మార్చాలి, మార్చగలిగేది మీరొక్కరే. మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. మీ జీమెయిల్ పోతే దుకాణం లాగినూ పోతుంది. అందుకని మొదటి రోజే దుకాణం పేరుతో ఒక గూగుల్ ఖాతా తెరిపించి, ప్రాజెక్టు దాని కింద పెట్టి, మిమ్మల్ని ఎడిటరుగా చేర్పించుకోండి. ఆ ఖాతా రికవరీ నంబరు యజమానిదే కావాలి. క్లయింట్ సీక్రెట్‌ను కోడ్‌లో రాసి గిట్‌హబ్‌లో పెట్టకండి, సర్వరులో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఉంచండి. పొరపాటున బయటపడితే దాచిపెట్టాలని చూడకుండా కొత్త సీక్రెట్ తీసుకుని పాతది రద్దు చేయండి.

పని అప్పగించేటప్పుడు ఒక పేజీ రాసివ్వండి: ఖాతా ఏది, ప్రాజెక్టు పేరు ఏది, రీడైరెక్ట్ చిరునామాలు ఏవి, సీక్రెట్ ఎక్కడ ఉంది, అందరినీ లాగౌట్ చేయాలంటే ఏం నొక్కాలి. ఏటా లైబ్రరీ కొత్త వెర్షనుకు మార్చే పనికి వేరే డబ్బు అని అందులోనే రాయండి. తర్వాత అడగడం మొహమాటంగా ఉంటుంది, చుట్టాల దుకాణమైతే మరీ. చివరి బిల్లు చేతికొచ్చాక కన్సోల్‌లోంచి మీ పేరు తీసేయించండి. పని పడితే వాళ్లే మళ్లీ చేర్చుకుంటారు.